పాత చిన్న ట్రాక్టరుకు పీటీఓ రక్షణ రేకు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కొబ్బరి, జీడి, పనస కలిసిన తోట ఉంది. మా నాన్నగారు కొన్న పద్దెనిమిది హార్స్‌పవర్ల పాత చిన్న ట్రాక్టరు, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోట పడిపోయినప్పటి నుంచి షెడ్డులోనే ఉండిపోయింది. కొత్తగా నాటిన మొక్కలు ఎదిగాయి కనుక ఇప్పుడు ఇంజను బాగు చేయించి దానిని మళ్లీ పనిలోకి దించాలనుకుంటున్నాను. అయితే వెనుక పీటీఓ (ఇంజను శక్తిని వెనుక తగిలించిన పనిముట్లకు అందించే, తిరిగే ఇరుసు) మీద ఉండవలసిన రక్షణ రేకు లేదు. అది ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆ మోడలు విడిభాగాలు ఇప్పుడు రావడం లేదని దుకాణంలో చెప్పారు. రేకు లేకపోయినా బండి నడుస్తుందని మెకానిక్ అంటున్నారు. రోటవేటరుకూ, జీడికి మందు కొట్టే పంపుకూ నేను పీటీఓ వాడవలసి ఉంటుంది. వెల్డింగ్ షాపులో రేకు చేయించుకోవచ్చా? ఎంత మందం ఉండాలి, ఎలా బిగించాలి? నాన్నగారి బండి అసలు రూపం చెడకూడదన్నది నా కోరిక.

జవాబు: చేయించుకోవచ్చు. జాగ్రత్తగా చేయిస్తే కంపెనీ రేకుకు తీసిపోని రేకు మీ ఊరి దగ్గరి షాపులోనే తయారవుతుంది. అది బిగించేవరకు మాత్రం పీటీఓ లివరును ముట్టుకోవద్దని ముందుగా మనవి చేస్తున్నాను. గొర్రు కట్టి దున్నుకోవడానికీ, ట్రాలీ లాగించడానికీ పీటీఓ అవసరం లేదు కనుక ఆ పనులు ఈలోపు నిరభ్యంతరంగా చేసుకోవచ్చు.

రేకు లేకపోయినా బండి నడుస్తుందన్న మెకానిక్ మాట నిజమే, కానీ ఆ రేకు ఉన్నది బండి కోసం కాదు, బండి వెనుక నిలబడే మనిషి కోసం. పీటీఓకు ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు. పీటీఓను పనిముట్టుకు కలిపే జాయింటు షాఫ్టు మొదట్లో, అది వంగడానికి వీలిచ్చే క్రాసును పట్టుకుని ఉండే ఇనుప చెవుల వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకుంటే, అది ఒక్కో చుట్టుకు 31 సెంటీమీటర్ల చొప్పున, సెకనుకు దాదాపు 2.8 మీటర్ల గుడ్డను తన మీదికి లాక్కుంటుంది. రెండు మీటర్ల లుంగీ మొత్తం చుట్టుకుపోవడానికి ఒక సెకను కూడా పట్టదు. ఆ వ్యవధిలో అరవడానికి కూడా వీలుండదు, ఇక డ్రైవరు విని, తిరిగి చూసి, లివరు లాగడం జరిగే పని కాదు. పైగా మీవంటి చిన్న ట్రాక్టర్లలో కొన్నింటికి పీటీఓ వేగాలు రెండు మూడు ఉంటాయి. వాటిలో పెద్ద వేగం 540 కంటే చాలా ఎక్కువగా ఉండవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది రోటవేటరు కంటే మందు కొట్టే పంపు. రోటవేటరు నడిచేటప్పుడు బండి కదులుతూ ఉంటుంది కనుక మనుషులు సాధారణంగా దూరంగానే ఉంటారు. జీడి చిగురు, పూత వేళల్లో టీ దోమ అనే రసం పీల్చే పురుగుకు మందు కొట్టేటప్పుడు మాత్రం బండి ఒకచోట నిలిచి ఉంటుంది, పీటీఓ గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది. పైపు లాగేవారు, మందు కలిపేవారు, నీళ్లు పోసేవారు అందరూ తిరిగేది బండి వెనుకనే. చేతిలో పైపు, తలకు తువ్వాలు, కింద తడి నేల, చెవిలో పంపు చప్పుడు ఉంటాయి. అలా నిలిపి చేసే పనికి రేకు లేని పీటీఓను వాడడం ఎంతమాత్రం ఒప్పుకోదగినది కాదు.

కొత్త రేకు గురించి ఆలోచించే ముందు పాతది ఎందుకు పోయి ఉంటుందో ఒకసారి ఆలోచించండి. అది తుప్పు పట్టి రాలిపోయి ఉండవచ్చు, కానీ నేను చూసినంతవరకు ఎక్కువ బళ్లకు దానిని ఎవరో ఒకరు విప్పి పక్కన పెట్టినవారే. జాయింటు షాఫ్టును పీటీఓ పళ్ల మీదికి ఎక్కించి లాకు పిన్ను నొక్కేటప్పుడు చెయ్యి పట్టక, రేకు అడ్డమని తీసేస్తారు. మళ్లీ బిగిద్దామనుకుంటారు, పని తొందరలో అది షెడ్డు మూలకు చేరుతుంది, కొన్నాళ్లకు పాత ఇనుము కింద పోతుంది. కాబట్టి మీరు చేయించే రేకు గట్టిగా ఉంటే చాలదు, దానిని విప్పవలసిన అవసరమే డ్రైవరుకు కలగకుండా ఉండాలి. ఇందుకు నేను సూచించేది పై పలకను కీలు మీద పైకి లేచేలా పెట్టించడం. పక్క పలకలు బండికి బిగించే ఉంటాయి, షాఫ్టు తగిలించేటప్పుడు పై పలకను ఎత్తి, పిన్ను లాకు పడ్డాక దించి, ఒక బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు చేతితో తిప్పితే ఊడేది కాకుండా స్పానరు పెడితేనే ఊడేదిగా ఉండాలి.

అసలు విడిభాగం కోసం మరొక ప్రయత్నం చేయమని కూడా చెబుతాను. మోడలు పేరు ఒక్కటే చెబితే దుకాణదారు లేదనేస్తారు. బండి మీది పలకపై ఉన్న ఛాసిస్ నంబరు రాసుకుని, విడిభాగాల పుస్తకంలో ఆ రేకుకు ఉన్న నంబరును చూపమని అడగండి. ఒకే గేరుపెట్టె మీద వేరు వేరు పేర్లతో వచ్చిన మోడళ్లకు కొన్నిసార్లు అదే రేకు సరిపోతుంది. మీది ఇచ్ఛాపురం వైపు కనుక బరంపురం దుకాణాల్లోనూ, ఇటు శ్రీకాకుళం, విశాఖపట్నం పాత బళ్ల విడిభాగాలు అమ్మేచోట్లా విచారించవచ్చు. పాత రేకు దొరికితే వంకరలు, పగుళ్లు చూసి తీసుకోండి. పగిలినదైనా పారేయకండి, దాని కొలతలు వెల్డరుకు ఎంతో ఉపయోగపడతాయి. మీ మోడలే ఉన్న రైతు దగ్గరలో ఎవరైనా ఉంటే ఆ బండి రేకును ఫొటోలు తీసి, అట్ట మీద గీసుకుని రావడం ఇంకా మంచిది. అసలు రూపం నిలబెట్టుకోవాలన్న మీ కోరిక కూడా దానితో తీరుతుంది.

తయారీలో మొదటి పని కొలత, దీనికి తొందర పనికిరాదు. రోటవేటరును తగిలించి, పీటీఓ లివరు న్యూట్రల్‌లో ఉంచి, మీరు వాడే ఎత్తుకు లిఫ్టుతో పైకి లేపండి. తరువాత ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, రోటవేటరు కింద గట్టి దుంగలు పెట్టిన తరువాతనే వెనుకకు వెళ్లండి. లిఫ్టు పట్టు మీద నమ్మకంతో దాని కింద చేతులు పెట్టకూడదు. జాయింటు షాఫ్టును చేతితో మెల్లగా తిప్పుతూ, ఇనుప చెవులు పైకీ పక్కలకూ ఎంతవరకు వస్తున్నాయో చూసి గుర్తు పెట్టుకోండి. దించిన స్థితిలోనూ అదే విధంగా చూడండి. పంపును వెనుక లాగే చక్రాల బండి మీద పెట్టేటట్లయితే మలుపు తిరిగినప్పుడు షాఫ్టు పక్కకు ఎంత వాలుతుందో అది కూడా లెక్కలోకి రావాలి. అన్ని స్థితుల్లోనూ చెవులకూ రేకుకూ మధ్య కనీసం మూడు వేళ్ల సందు ఉండేలా మందపాటి అట్టతో నమూనా కత్తిరించి, దానిని బండి మీద పెట్టి చూసిన తరువాతనే ఇనుము దగ్గరకు వెళ్లండి. పనిముట్టును పైనుంచి పట్టి ఉంచే కడ్డీ, అంటే టాప్ లింకు, కిందికి దిగినప్పుడు రేకుకు తగలకుండా చూడడం చాలామంది మరచిపోతారు.

ఆకారం తిరగేసిన దోనెలా, పైనా రెండు పక్కలా మూసి, కిందా వెనుకా తెరచి ఉండాలి. అన్ని వైపులా పెట్టెలా మూయిస్తే ఎక్కువ రక్షణ అనుకోవద్దు. మీ తోటలో ఎండు జీడాకు, కొబ్బరి పీచు, ఇసుక అందులో చేరి, గ్రీజుతో కలిసి ముద్దగా మారి పీటీఓ ఆయిల్ సీలును కోసేస్తాయి. వెనుకవైపు పొడవు ఎంత ఉండాలన్నదే ఇందులో అసలు కీలకం. జాయింటు షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టం, దాని చివర గంట ఆకారంలో ఉండే కప్పు ఉంటాయి కదా, ఆ కప్పు మీదికి ట్రాక్టరు రేకు కనీసం 50 మిల్లీమీటర్లు వచ్చి కప్పాలి. రెంటికీ మధ్య ఖాళీ మిగిలితే, కంటికి రేకు ఉన్నట్టే కనబడుతుంది గాని గుడ్డ చిక్కుకునే చోటు అలాగే ఉండిపోతుంది.

మందం 3 మిల్లీమీటర్లకు తగ్గని ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షీటు వాడండి. మన ప్రాంతంలో రెండు మిల్లీమీటర్ల లోపు రేకుతో చేసి ఇచ్చేవారున్నారు. అది రెండు నెలలకు వణికి, పగిలి, వంగి షాఫ్టుకే తగులుతుంది. వెనుక నిలబడి ప్రయాణించేవారు కాలు పెట్టేది కూడా ఆ రేకు మీదనే కనుక అది మనిషి బరువుకు వంగకూడదు. అలాగని దానిని మెట్టుగా వాడనివ్వకూడదు. అంచుల వెంట 8 మిల్లీమీటర్ల గుండ్రని ఊచను వెల్డ్ చేయిస్తే అంచు చేతిని కోయదు, పలకకూ బలం వస్తుంది. బండికి ఆనే చోట 6 మిల్లీమీటర్ల పట్టీ ఉండాలి.

వెల్డింగు బండి మీద చేయనివ్వకండి. గేరుపెట్టె పోత ఇనుము. దాని మీద నేరుగా వెల్డు పెడితే పగులు వచ్చే ప్రమాదం ఉంది, ఆ వేడికి దగ్గరలోని ఆయిల్ సీలు మాడిపోతుంది, వెల్డింగు కరెంటు బేరింగుల గుండా పోయి వాటి లోపలి నునుపును దెబ్బ తీస్తుంది. షాపులో అక్కడక్కడ చిన్న వెల్డు చుక్కలు (టాకాలు) మాత్రమే వేయించి, చల్లారాక బండికి పెట్టి చూసి, సరిపోయిందనుకున్నాక మళ్లీ విప్పి పూర్తి వెల్డింగు చేయించండి. ఏ కారణం చేతనైనా బండి దగ్గరే చేయవలసి వస్తే ముందు బ్యాటరీ వైర్లు విప్పించండి.

గేరుపెట్టెకు కొత్త రంధ్రాలు వేయించవద్దు. పీటీఓ చుట్టూ పాత రేకు బోల్టు రంధ్రాలు మట్టి, రంగు, తుప్పు నిండి ఉంటాయి, వైరు బ్రష్షుతో శుభ్రం చేస్తే బయటపడతాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మన దేశంలో తయారైనా జపాన్ నమూనా మీద వచ్చిన చిన్న ట్రాక్టర్లలో 10 మిల్లీమీటర్ల బోల్టు మర తరచుగా 1.25 పిచ్‌లో, అంటే ఒక మర చుట్టుకూ తరువాతి చుట్టుకూ మధ్య 1.25 మిల్లీమీటర్ల దూరంలో, ఉంటుంది. హార్డ్‌వేర్ కొట్టులో మామూలుగా ఇచ్చే 10 మిల్లీమీటర్ల బోల్టు పిచ్ 1.5. రెండు బోల్టులూ చూడడానికి ఒకటే, మొదటి ఒకటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. తరువాత బిగుసుకుంటే తుప్పు అనుకుని స్పానరుతో బలంగా తిప్పితే గేరుపెట్టె మర చెడిపోతుంది, దానిని బాగు చేయడానికి రేకు ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది. పిచ్ గేజి ఉన్న లేతు షాపుకు పాత బోల్టు ఒకటి పట్టుకెళ్లి కొలిపించండి. బోల్టు చివరి వరకు చేతి వేళ్లతోనే ఎక్కాలి.

కొన్ని బళ్లలో రేకును పట్టే బోల్టులే పీటీఓ బేరింగు మూతను కూడా పట్టి ఉంచుతాయి. అటువంటప్పుడు అన్నిటినీ ఒకేసారి విప్పితే మూత కదిలి ఆయిలు కారుతుంది. రేకు పట్టీ మందం చేరుతుంది కాబట్టి బోల్టు పొడవు కూడా అంతే పెరగాలి. పొడవు చాలకపోతే రెండు మూడు మరల మీదే వేలాడుతుంది, ఎక్కువైతే రంధ్రం అడుగున ఆని, బిగిసినట్టు అనిపిస్తుంది గాని రేకు వదులుగానే ఉంటుంది. బోల్టు తల మీద 8.8 అని (బలాన్ని తెలిపే గుర్తు) ఉన్నవి, స్ప్రింగ్ వాషర్లతో వాడండి. ఆయిల్ సీలు కారుతున్నదేమో చూసి, అవసరమైతే రేకు బిగించే ముందే మార్పించుకోండి.

జాయింటు షాఫ్టును కూడా పరీక్షించండి. లాకు పిన్ను స్ప్రింగు పోయినప్పుడు అక్కడ పొడవాటి బోల్టు, నట్టు వేసి పని గడిపేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. తిరిగే షాఫ్టు మీద పొడుచుకు వచ్చిన ఆ బోల్టు తలే గుడ్డను మొదట పట్టుకునేది. దానిని తీసేసి అసలు పిన్ను వేయించండి. ప్లాస్టిక్ గొట్టం పగలకుండా, చేతితో పట్టుకుంటే ఆగి లోపలి షాఫ్టు మీద వదులుగా తిరిగేలా ఉండాలి. ఇది ఇంజను ఆపి చూడవలసిన సంగతి. గొట్టం షాఫ్టుతో పాటు తిరగకుండా ఆపే సన్నని గొలుసును తగిలించడానికి మీ కొత్త రేకుకు పక్కగా ఒక రంధ్రం ముందే పెట్టించండి. పీటీఓ వాడని రోజుల్లో దాని పళ్ల మీద గ్రీజు పూసి మూత పెట్టి ఉంచాలి. ఆరు పళ్ల, 35 మిల్లీమీటర్ల షాఫ్టుకు ప్లాస్టిక్ మూతలు తేలికగా దొరుకుతాయి.

ఇక రంగు. మీ ఉద్దానం ప్రాంతపు గాలిలో ఉప్పు ఉంటుంది కనుక వెల్డు చేసిన చోట గ్రైండరుతో నునుపు చేయించి, లోపలా బయటా రెండు పూతలు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, ఆపైన ఎనామిల్ వేయించండి. బయట మీ బండి అసలు రంగే వేయండి. పై పలక లోపలి వైపు మాత్రం పసుపు రంగు వేయిస్తే, అది ఎత్తి ఉందని డ్రైవరుకు సీటు మీద నుంచే తెలుస్తుంది. మొదటిసారి నడిపేటప్పుడు చుట్టూ ఎవరినీ ఉండనివ్వకుండా, ఇంజను తక్కువ వేగంలో ఉంచి సీటు మీద కూర్చునే పీటీఓ కలపండి. టకటకమని చప్పుడు వస్తే వెంటనే ఆపి, ఇంజను కట్టేసి, ఎక్కడ తగులుతున్నదో చూడండి. ఒక రోజు పని తరువాత బోల్టులన్నీ మరొకసారి బిగించండి.

ప్రశ్న: విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర మాకు పాత పవర్ టిల్లరు ఉంది. బెల్టుల మీది మూత పగిలిపోయింది. దాని స్థానంలో కోళ్ల గూళ్లకు వాడే జాలీ చుట్టి వైరుతో కట్టుకోవచ్చా?

జవాబు: ఆ జాలీ వద్దు. బెల్టు కప్పీ మీదికి ఎక్కే చోటే వేళ్లు నలిగే చోటు. కోళ్ల జాలీ కంత గుండా వేలు సులభంగా దూరుతుంది, జాలీ మెత్తనిది కనుక చెయ్యి ఆనితే లోపలికి వంగుతుంది. వైరు ముడి వణుకుకు వదులై, జాలీయే బెల్టులో పడే ప్రమాదం కూడా ఉంది. దమ్ము చేసేటప్పుడు బురద పడి బెల్టులు జారకుండా కాపాడేది కూడా ఆ మూతే.

ఒకటిన్నర లేదా రెండు మిల్లీమీటర్ల షీటుతో మూత చేయించి, ఇంజనుకు ఉన్న పాత స్టడ్డులకే బిగించండి. గాలి ఆడడానికి కొంత భాగం జాలీ కావాలనుకుంటే చిటికెన వేలు దూరనంత సన్నని కంతల గట్టి వెల్డ్ మెష్‌ను ఇనుప చట్రానికి వెల్డ్ చేయించి, బెల్టుకు దూరంగా ఉండేలా పెట్టించండి. రేడియేటరుకు గాలి వచ్చే దారిని మూత మూసేయకూడదు. బెల్టు బిగువు సరిచూసుకోవడానికి మూతను ఎలాగూ అప్పుడప్పుడు తీయవలసి వస్తుంది కాబట్టి, ఎక్కువ బోల్టులు పెట్టించకుండా రెండు మూడింటితో సరిపెట్టండి. ఇంజను ఆపకుండా మాత్రం మూత తీయవద్దు.

ప్రశ్న: రాజాం దగ్గర మా కళ్లంలో ట్రాక్టరు పీటీఓతో నడిచే నూర్పిడి యంత్రాన్ని అద్దెకు తెస్తాము. యజమాని షాఫ్టు మీద పాత గోనెసంచి చుట్టి, అదే రక్షణ అంటున్నారు. మేము ఆడవాళ్లం ఆ పక్కనే పనలు అందించాలి. ఇది సరైనదేనా అమ్మా?

జవాబు: సరైనది కాదమ్మా. గోనెసంచి రక్షణ ఇవ్వకపోగా ప్రమాదాన్ని పెంచుతుంది. అది షాఫ్టుతో పాటు తిరుగుతుంది, దాని పీచు చీర చెంగునూ జడనూ పట్టుకుంటుంది. రక్షణ గొట్టం షాఫ్టుతో తిరగకుండా నిలిచి ఉన్నప్పుడే అది రక్షణ అవుతుంది. నూర్పిడి యంత్రాల వంటి వాటి వల్ల జరిగే ప్రమాదాలను దృష్టిలో పెట్టుకునే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టాన్ని చేసింది. కాబట్టి సరైన కవచం అడగడం మీ హక్కు, యజమానికి మీరు పెడుతున్న ఇబ్బంది కాదు.

అద్దె మాట్లాడుకునేటప్పుడే ట్రాక్టరు వెనుక రేకు, షాఫ్టు మీద గొట్టం రెండూ ఉన్న యంత్రమే కావాలని చెప్పండి. అటువంటిది ఆ రోజుకు దొరకకపోతే పనలను ఒక రోజు ఆపుకోవడమే మంచిది. కవచం ఉన్న యంత్రం వచ్చినా, ట్రాక్టరుకూ యంత్రానికీ మధ్యగా దాటకుండా చుట్టూ తిరిగి వెళ్లండి, పనల కుప్పను షాఫ్టు లేని వైపున వేయించండి, చెంగు నడుముకు దోపుకుని జడను ముడి వేసుకోండి. పిల్లలను కళ్లం గట్టు దాటి రానివ్వకుండా చూడడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టుకోండి.